ఐదో పన్ను

మా ఊరి తిరునాళ్ళ బండలాగుడు పోటీల్లో నన్ను పళ్ళు చూసే మనిషిగా పెట్టారు. పశువుల గురించి నాకేదో తెలుసని కాదు. అంతకు ముందు వారం నేను పేపరుకు రాసిన ఒక వ్యాసం వల్ల.

ముప్ఫై ఏళ్ళు డెస్కులో కూర్చుని ప్రపంచ వార్తల్ని తెలుగు చేసి రిటైరయ్యాను. ఇప్పుడు అప్పుడప్పుడూ ఒక వ్యాసమో, ఊరి వార్తో పంపుతుంటాను. ఆ వ్యాసంలో కొత్త సంగతేమీ లేదు. యుద్ధం చేసిన ఒక దేశపు ఆటగాళ్ళు జెండా లేకుండా, జాతీయగీతం లేకుండా, ఏ దేశానికీ చెందని వాళ్ళలా మైదానంలోకి రావాలి. యుద్ధం చేస్తున్న ఇంకో దేశం వాళ్ళు జెండా ఊపుకుంటూ రావచ్చు. మన పిచ్ మీద మొదటిరోజే బంతి తిరిగితే అది చెడ్డ పిచ్. తెల్లవాళ్ళ పిచ్ మీద రెండు రోజుల్లో ఆట ముగిస్తే అది ఆడేవాళ్ళ చేతకానితనం. మనమూ తక్కువ తినలేదని చివర ఒక పేరా రాశాను. పొరుగు దేశంతో మ్యాచ్ ఆడతాం, చెయ్యి మాత్రం కలపం. ఆ చివరి పేరా టీ కొట్టు దగ్గర ఎవరికీ నచ్చలేదు. మిగతాదంతా నచ్చింది.

“వాళ్ళకో రూలు, మనకో రూలు. భలే కడిగేశావ్ బాబాయ్,” అన్నాడు పోటీల కమిటీ ప్రెసిడెంటు. “ఈసారి గిత్తల పళ్ళు నువ్వే చూడాల.”

“నాకేం తెలుసురా పళ్ళ సంగతి?”

“తెలిసినోళ్ళందరికీ ఎడ్లున్నయ్. నీకు లేవు. అదే నీ క్వాలిఫికేషన్.”

నాకు లేని మాట నిజమే. మా అన్నయ్యకు ఉన్నాయి.

గిత్తలకు బర్త్ సర్టిఫికెట్లు ఉండవు కాబట్టి పోటీల్లో పళ్ళే లెక్క. పాలపళ్ళు ఊడి కింది దవడకు పెద్ద పళ్ళు జతలుగా వస్తాయి. రెండు పళ్ళవి ఒక విభాగం, నాలుగు పళ్ళవి ఒకటి, ఆరు పళ్ళవి ఒకటి. విభాగం మారితే లాగే బండ బరువు మారుతుంది, ఎదుట నిలిచే జతలూ మారతాయి. ఐదో పన్ను చిగురు చీల్చుకుని కనిపించిందంటే ఆ గిత్త ఇక నాలుగు పళ్ళది కాదు, ఆరు పళ్ళ లెక్కలోకి పోతుంది. నిరుడు కొత్తపట్నం వైపు నుంచి వచ్చిన ఒక రైతు జతను సరిగ్గా ఇందుకే తప్పించారు. బియ్యపు గింజంత పన్ను. రాత్రికి రాత్రి వచ్చిందని ఆయన ఎంత చెప్పినా వినలేదు. ఆ వార్త పంపింది నేనే. ‘పళ్ళు దాచి పట్టుబడ్డారు’ అని హెడ్డింగ్ కూడా నాదే. పన్నును ఎవరైనా ఎలా దాచగలరని అప్పుడు ఆలోచించలేదు. ఒక్క లైనులో పట్టింది, అంతవరకే చూసుకున్నాను.

అన్నయ్యది నాలుగు పళ్ళ జత. మిరపకోతకు కూలీలు దొరక్క సగం కాయ ఎర్రగా చెట్టుమీదే ఉన్నా, ఆ గిత్తలకు ఉలవలు ఉడకబెట్టడం మాత్రం ఒక్కపూటా మానలేదు. అవి పొట్టివి. ఆరు పళ్ళ విభాగానికి వెళితే అక్కడి జతల ముందు నిలవలేవు.

“ఒరేయ్, ఈ ఏడు లాగితే లాగినట్టు,” అన్నాడు ముందురోజు, మోకాళ్ళకు నూనె రాసుకుంటూ. “మళ్ళీ ఏడు నేను పగ్గం పట్టుకుని పరిగెత్తేది లేదు.”

పోటీ రోజు పొద్దున ఎనిమిది జతలు చూశాను. తొమ్మిదోది అన్నయ్యది. ఎడమ గిత్త కింది పెదవి లాగాను. నాలుగు పెద్ద పళ్ళు. పక్కన పాలపన్ను ఊడిన సందు. ఆ సందులో తెల్లగా ఒక అంచు. వేలు పెట్టాను. గరుకుగా తగిలింది.

అన్నయ్య నా మొహం వైపు చూడటం లేదు. గిత్త గంగడోలు నిమురుతూ, “ఎంతసేపురా? నలుగురూ చూస్తన్నారు,” అన్నాడు. తెలిసే తెచ్చాడని అప్పుడు అర్థమైంది.

వెనక నుంచి ప్రెసిడెంటు వంగాడు. “ఏంది బాబాయ్, నాలుగే గదా?”

ఆ విభాగంలో మా ఊరి జత అదొక్కటే. బరి చుట్టూ కట్టిన తాళ్ళ అవతల ఊరంతా ఉంది.

“నాలుగే,” అన్నాను.

గిత్తల్ని కాడి కట్టడానికి తోలుకెళ్ళారు. నేను వచ్చి కమిటీ బల్ల దగ్గర కూర్చున్నాను. ఒకాయన తాడు కింద నుంచి దూరి వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. నిరుటి రైతు. ఈసారి ఎడ్లు లేకుండా వచ్చాడు.

“నమస్కారమండి. మా సంగతి పేపర్లో రాసింది మీరేనంటగా?”

“నేనేనండి.”

“ఇందాక నేనూ పక్కనే ఉన్నా లెండి. వేలు పెట్టారు. పెట్టి తీసేశారు.”

“ఏందయ్యా నీ గోల?” అన్నాడు ప్రెసిడెంటు. “ఎడ్లు లేకుండా వచ్చి పళ్ళ లెక్కలా?”

“గోలేం లేదు. వచ్చే నెల మా ఊళ్ళో పోటీ. అక్కడ పళ్ళు చూసేది నేనే.” జేబులోంచి పోటీల కరపత్రం తీసి, వెనక ఖాళీగా ఉన్న వైపు పైకి తిప్పి నా ముందు పెట్టాడు. దానిమీద పెన్ను పెట్టాడు. “ఎంత పైకొస్తే పన్నంటారో ఒక్క ముక్క రాసివ్వండి సార్. మీరేది రాస్తే మేమూ అదే పాటిస్తాం. మీ అన్నగారి జత మా ఊరొచ్చినా అదే, మా జత మీ ఊరొచ్చినా అదే.”

చిగురు చీలిస్తే పన్నే అని రాస్తే అన్నయ్య జతకు అప్పుడే కాడి విప్పించాలి. చీల్చినా కొంత పెరిగేదాకా పన్ను కాదని రాస్తే, నిరుడు ఈ మనిషిని నలుగురిలో మోసగాణ్ణి చేసినవాణ్ణి నేను. పెన్ను చేతిలోకి తీసుకుని మూడో వాక్యం కోసం వెతికాను. నిబంధనల మేరకు, పరిస్థితిని బట్టి, ఇంకా పరిశీలిస్తున్నారు. ఆటల పెద్దలు చెప్పిన ఇలాంటి మాటలు వందలకొద్దీ తెలుగు చేశాను. చేసిన ప్రతిసారీ నవ్వుకున్నాను. ఇప్పుడు వాటిల్లో ఒకటైనా పనికొస్తే బాగుండుననిపించింది. కానీ చదివేవాడు ఎదురుగా నిలబడి ఉన్నాడు. లేచి వెళదామంటే ముందు ఆయన, వెనక ప్రెసిడెంటు, పక్కన తాళ్ళు.

విజిల్ వేశారు. అన్నయ్య పగ్గం పట్టుకుని, ఒక కాలు ఈడుస్తూ, గిత్తల పక్కన పరిగెడుతున్నాడు. బండ కదిలిన ప్రతిసారీ కేకలు. కళ్ళాల్లో ఎండుతున్న మిరపకాయల ఘాటుకు జనం దగ్గుతూనే అరుస్తున్నారు. నిరుటి రైతు పోటీ వైపు తిరగలేదు. నా చేతిలో ఉన్న పెన్ను వైపే చూస్తున్నాడు.

టైమైపోయింది. మైకులో దూరం చెప్పారు. మా జతే ముందుంది. కుర్రాళ్ళు అన్నయ్యను భుజాల మీదికెత్తారు. ఆ ఎత్తు నుంచి నా వైపు చెయ్యి ఊపాడు. నేను ఊపలేకపోయాను.

కాగితం మీద ‘పన్ను’ అన్న మొదటి మాట దగ్గరే నా వాక్యం ఆగిపోయి ఉంది.

ఆయన దాన్ని చదివాడు. కాగితాన్ని బల్ల మీదే వదిలేసి చెయ్యి చాపాడు.

“పెన్ను ఇచ్చెయ్యండి సార్,” అన్నాడు. “మా ఊరి రూలు మేమే రాసుకుంటాం.”