ఫిర్యాదుల పుస్తకంలో అన్నయ్య

ఎవరితోనో ఒకరితో పోట్లాడకుండా పరిగెత్తడం అన్నయ్యకి చేతకాదు. మిగతావాళ్లు బూట్లు తొడుక్కుని పరుగుకి బయల్దేరతారు. ఆయన ముందు కోపం తెచ్చుకుంటాడు, బూట్ల సంగతి ఆ తర్వాత.

అన్నయ్య లిఫ్టు మెకానిక్. తోటి పనివాళ్లు పెట్టిన పేరు రుసరుస. ఎవరైనా లిఫ్టు బటన్ రెండోసారి నొక్కారా, అయిపోయారంతే.

"మొదటిసారి దానికి వినపడలేదనుకున్నారా? అదేం మీ ఇంట్లోవాళ్లు కాదండీ, ఒక్కసారి చెబితే వింటుంది!"

ఓసారి ఒకావిడ ఆరో అంతస్తుకీ ఏడో అంతస్తుకీ మధ్య ఇరుక్కుపోయి ఏడుపు లంకించుకుంది. ఇంకొకరైతే "భయపడకండమ్మా" అనేవారు. తోటి మెకానిక్ పైన మోటారు చూస్తుంటే, అన్నయ్య తలుపు దగ్గర నిలబడి నలభై నిమిషాలపాటు ఆవిడతో గొడవేసుకున్నాడు. బటన్ ఎన్నిసార్లు నొక్కారు, అంత బరువు సంచి దేనికి, నాలుగు మెట్లు ఎక్కడానికి కాళ్లు లేవా అంటూ ఒకటే సతాయింపు. తలుపు తెరుచుకోగానే ఆవిడ అదే సంచితో ఆయన వీపున ఒక్కటిచ్చుకుని వెళ్లిపోయింది. ఆ సంగతి విని అన్నయ్య చెల్లెలు ఆవిడ తరఫున ఎంతో సంతోషించింది.

చెల్లెలు ఫిజియోథెరపిస్టు. ఎంతెంత మొండి మోకాళ్లో ఆమె మాట విన్నాయి, ఒక్క అన్నయ్య కుడి మోకాలు తప్ప. వరసగా మూడు ఆదివారాలు మూడు హాఫ్ మారథాన్లకి ఆయన పేరిచ్చాడని తెలిసిన రోజున, చేతిలో ఉన్న ఐసు సంచిని బల్లకేసి కొట్టింది.

"ఇరవై ఒక్క కిలోమీటర్లు పరిగెత్తితే తేరుకోవడానికే మూడు వారాలు కావాలి. మూడు వారాల్లో మూడు పరుగులా? బుద్ధుందా అసలు?"

"మోకాలు నాది."

"వాస్తే చూడాల్సింది నేను!"

"నీ వైద్యమే సరిగ్గా ఉంటే అది ఈపాటికి..."

మాట పూర్తి కాకముందే ఆమె దభీమని తలుపేసింది.

ఒకప్పుడు అన్నయ్య ఆ దూరాన్ని రెండు గంటల్లో ముగించేవాడు. మొదటి ఆదివారం రెండు గంటల యాభై తొమ్మిది నిమిషాలు పట్టింది. మూడు గంటలు దాటితే పతకం ఇవ్వరు. మోకాలు అరిగిపోయిందనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలని చెల్లెలు మండిపడింది.

సోమవారం పొద్దున్నే నిర్వాహకుడి ఫోను. ఆపదలో పిలవాల్సిన నంబరు అన్నచోట అన్నయ్య ఆమె నంబరే రాసి చచ్చాడు.

"మీ అన్నగారు ఒక బేకరీ ఆయన్ని పద్నాలుగో కిలోమీటరు నుంచి చివరిదాకా తిట్టారటండీ. చేతులు ఊపే తీరు బాగాలేదని."

"పిండి పిసుకుతున్నట్టు ఊపుతున్నాడు! ఎవరో ఒకరు చెప్పాలా వద్దా?" అన్నాడు అన్నయ్య.

రెండో సోమవారం మళ్లీ ఫోను.

"ఈసారి బ్యాంకులో పనిచేసే ఆవిడండీ. రోడ్డు పక్కన కూలబడినావిణ్ణి లేపి మరీ పోట్లాడారట. ఇంకొక్క ఫిర్యాదు వచ్చిందంటే ఆయన్ని మా పరుగుల్లోకి ఇక రానివ్వం."

ఆ మాట వినగానే వదిన కుర్చీలో కూలబడి మంచినీళ్లు అడిగింది. పరుగు మాన్పిస్తే ఆ కోపమంతా ఇంటికే కదా చేరేది!  అన్నయ్య మాత్రం బూట్లు తుడిచి తలుపు పక్కన పెట్టాడు. ఆయన ఎవరితోనూ పోట్లాడని రోజు ఆ ఇంట్లో అదే మొదటిది. చెల్లెలికి అది చూసి జాలేసింది. జాలేసినందుకు ఇంకా కోపమొచ్చింది.

మూడో ఆదివారం ఆమె పద్దెనిమిదో కిలోమీటరు దగ్గర వైద్యశిబిరంలో పని అడిగి మరీ తీసుకుంది. అన్నయ్య రాగానే పట్టుకుని కూచోబెట్టాలి. అటు మోకాలూ దక్కుతుంది, ఇటు ఫిర్యాదూ తప్పుతుంది. ముందువాళ్లు పోయారు, మధ్యవాళ్లు పోయారు, గుడారం తాళ్లు విప్పడం కూడా మొదలైంది. అప్పుడు, మనిషికన్నా ముందు గొంతు వచ్చింది.

"లైబ్రరీలో నిశ్శబ్దంగా ఉండమన్నారుగానీ, కాళ్లని కూడా పడుకోమన్నారా అండీ?"

"మీరు నోర్మూసుకోండి!"

చెల్లెలు నిర్ఘాంతపోయింది. ఆవిడ లైబ్రేరియన్‌గారు! ఏడాది కిందట చీలమండ విరిగితే ఎనిమిది నెలలు తన దగ్గరికే వచ్చింది. నొప్పి అన్నప్పుడల్లా "ఇవాళ్టికి చాలండీ" అని తను ఎంతో మెత్తగా చూసుకుంది. చివరికావిడ "ఇక నావల్ల కాదు" అని కళ్లు తుడుచుకుని రావడమే మానేసింది.

"అన్నయ్యా, ఆగు! మోకాలు చూసుకున్నావా? గుమ్మడికాయంత అయింది!"

"మధ్యలో నువ్వేంటి చెల్లాయ్? నాకు ఈవిడతో తేల్చుకోవాల్సిన పనుంది."

ఆగలేదు. చెల్లెలికి ఒళ్లు మండిపోయింది. ఐసు సంచి పట్టుకుని, కాళ్లకున్న చెప్పులతోనే వెంటపడింది. ముందు లైబ్రేరియన్‌గారు, ఆవిణ్ణి తిడుతూ అన్నయ్య, అన్నయ్యని తిడుతూ చెల్లెలు. దారి పక్కన జనం పొట్టలు పట్టుకుని నవ్వారు.

"మీ లైబ్రరీలో కొత్త పుస్తకాలన్నీ చెత్త! ఎవరండీ ఏరింది?"

"నేనే ఏరాను!"

"అదీ సంగతి!"

ఆ మాటతో ఆవిడ కాళ్లకి రెక్కలొచ్చాయి. ఇరవై సెకన్లు మిగిలుండగా గీత దాటింది. గీతకి యాభై అడుగుల ముందు అన్నయ్య మోకాలు మొరాయించింది. కుంటుకుంటూ చేరేసరికి మూడు గంటల పది సెకన్లు.

"ఆ గడియారం ముందుకుంది!" అని అక్కడివాళ్ల మీద విరుచుకుపడ్డాడు.

లైబ్రేరియన్‌గారు గుక్కెడు నీళ్లయినా తాగకుండా గీత పక్కనున్న బల్ల దగ్గరికి వెళ్లింది.

"ఫిర్యాదుల పుస్తకం ఏది?"

మెడలో పతకం కాగితం మీద ఊగుతుంటే అరపేజీ రాసిపారేసింది. చెల్లెలు రొప్పుతూ వెనక పేజీలు తిప్పింది. ప్రతి పేరు పక్కనా పరుగు ముగించిన సమయం రాసుంది. బేకరీ ఆయన, రెండు గంటల యాభై ఎనిమిది నిమిషాలు. బ్యాంకు ఆవిడ, రెండు గంటల యాభై ఏడు. ఆ పుస్తకం ఉండేది గీత దగ్గరే. దారిలో చతికిలబడ్డవాళ్లెవరూ అక్కడిదాకా రాలేరు. అన్నయ్య మీద ఫిర్యాదు రాసిన ప్రతి మనిషీ ముందు పరుగు పూర్తిచేసిన మనిషే. లిఫ్టులో ఇరుక్కున్న ఆవిడ గుర్తొచ్చింది. ఆ నలభై నిమిషాలూ ఆవిడకి ఏడవడానికి తీరికే దొరకలేదు.

చెల్లెలు ఆ పేజీలు లైబ్రేరియన్‌గారి ముందుకి జరిపింది. ఆవిడ చదివింది. పతకం కేసి చూసుకుంది.

"మూడో ఫిర్యాదు. ఇక ఈయన్ని రానివ్వం," అన్నాడు నిర్వాహకుడు.

"పోనీ, ఆ పేజీ చింపేద్దామా?" అంది చెల్లెలు.

"పుస్తకంలో పేజీ చింపడమా? నా కళ్లెదుటా?" అని లైబ్రేరియన్‌గారు కసిరింది. కలం మళ్లీ తీసి కింద ఒక వాక్యం చేర్చింది. 'వచ్చే పరుగులో కూడా ఈ మనిషి నా వెనకే ఉండాలి, లేకపోతే ఇంకో ఫిర్యాదు రాస్తాను.'

నిర్వాహకుడు తల గోక్కున్నాడు. అన్నయ్య తొంగి చూశాడు.

"ఇంత చిన్న అక్షరాలైతే ఎవరు చదువుతారండీ?"

చెల్లెలు ఆయన్ని బరబరా లాక్కెళ్లి కుర్చీలో పడేసింది. మోకాలి మీద ఐసు సంచి పెట్టింది.

"ఇందులో ఐసేదీ? అన్నీ నీళ్లే! మూడు కిలోమీటర్లకి ఇంతసేపా? పరిగెత్తావా, పాకావా?"

బస్సు తప్పిపోతున్నా పరిగెత్తని మనిషి ఆమె. చెప్పుల కేసి చూసుకుంది, దాటి వచ్చిన దారి కేసి చూసింది. నవ్వు తన్నుకొస్తుంటే పళ్ల బిగువున ఆపుకుని బల్ల దగ్గరికి నడిచింది.

"ఆ పుస్తకం ఇలా ఇవ్వండి."