వాయిదాల స్వామి వెలసిన వైనం

మీరెప్పుడైనా నంద్యాలలో మా కాలేజీ మైదానానికి వస్తే, గేటు పక్కన నడుమెత్తు నల్లరాతి విగ్రహం ఒకటి కనబడుతుంది. నుదుట కుంకుమ ఉంటుంది. పరీక్షలు దగ్గర పడితే మెడలో నిమ్మకాయల దండ కూడా పడుతుంది. దయచేసి దండం పెట్టకండి. అది దేవుడు కాదు. అది నా బుద్ధితక్కువతనం. నలుగురి తెలివితక్కువ పనులూ నాలుగు రోజులకు గాలిలో కలిసిపోతాయి. నాది మాత్రం ఆళ్లగడ్డ శిల్పి చేతిలో పడి, ఎండకు ఎండక, వానకు కరగక, శాశ్వతంగా నిలిచిపోయింది.

ఇన్నేళ్లూ ఈ సంగతి కడుపులోనే దాచుకున్నాను. పోయిన నెల ఒక పెళ్లిలో ఆత్మకూరు కాలేజీ పీడీ రామసుబ్బయ్య నా పక్కన భోజనానికి కూర్చున్నాడు. పీడీ అంటే ఫిజికల్ డైరెక్టరు. నేనూ అదే, నంద్యాలలో. పిల్లలను ఎండలో పరుగెత్తించి, తాను నీడలో నిలబడి ఈల ఊదే ఉద్యోగం. వడ్డించే ఆయన విస్తట్లో ఓళిగ వేస్తూ, "ఏం పుకార్ల సార్, ఈసారి ఆటలు ఎప్పుడంట?" అని రామసుబ్బయ్యను అడిగాడు. మా బంతిలో కూర్చున్నవాళ్లంతా నవ్వారు. రామసుబ్బయ్య కూడా నవ్వాడు. నేను మాత్రం ఓళిగను విస్తరి చివరకు నెట్టేశాను. ఎందుకంటే ఆ పుకారుకు తండ్రిని నేను, తల్లిని నేను, పురుడు పోసిన మంత్రసానిని కూడా నేనే. పాపం రామసుబ్బయ్య ఉయ్యాల ఊపాడు, అంతే.

అది కరోనా మొదటి ఏడాది చివర. కాలేజీలు అప్పుడప్పుడే తలుపులు తీశాయి. ఊరంతటికీ మందు ఎప్పుడొస్తుందా అన్న కుతూహలమైతే, మా మైదానానికి మాత్రం కాలేజీల ఆటల పోటీలు ఉంటాయా, ఉండవా అన్న కుతూహలం. యూనివర్సిటీని అడిగితే "పరిశీలిస్తున్నాం" అనేవారు. ప్రిన్సిపాలును అడిగితే "యూనివర్సిటీ వాళ్లు పరిశీలిస్తున్నారు" అనేవాడు. అటెండరును అడిగితే "ప్రిన్సిపాల్ సార్ చూస్తాండాడు" అనేవాడు. జవాబు దొరికేది ఒక్క నా దగ్గరే. అదే నా జబ్బు. కరోనా కన్నా పాతది, దీనికి ఇప్పటికీ టీకా లేదు. "తెలీదు" అనే మాట నా నోట పలకదు. నేనెన్నడూ చూడని ఊళ్లో ఎవరైనా దారి అడిగినా చెయ్యెత్తి చూపించేస్తాను. అలా చూపించి ఒకసారి పెళ్లివారి జీపును తిన్నగా శ్మశానానికి పంపిన ఘనుణ్ణి.

నిజానికి నాకూ లోపల కుతూహలమే. కబడ్డీ అంటే ఒకడి కాలు ఇంకొకడు పట్టుకోవడం, ఏడుగురు కలిసి ఒకడి మీద పడటం. ఆరడుగుల దూరం పాటిస్తూ ఆ పని ఎలా చేస్తారు? మాస్కు పెట్టుకుని కూత కూస్తే అంపైరుకు ఎలా వినబడుతుంది? ఒకరోజు ప్రయోగం చేసి చూశాం. మా కెప్టెన్ మద్దిలేటి మాస్కుతో కూతకు పోయాడు. లోపల కూస్తున్నాడో, గొణుగుతున్నాడో, నన్నే తిడుతున్నాడో అర్థం కాలేదు.

"కూత ఆగింది. ఔట్!" అన్నాను.

"ఆగలే సార్! ముక్కుతో కూస్తాండా!"

ఇంతలో మాస్కు వాడి నోట్లోకి పోయింది. కూత నిజంగానే ఆగింది.

ఈ మద్దిలేటిది సంజామల దగ్గర పల్లె. డిగ్రీ చివరి ఏడాది. వాడు కూతకు పోతే అవతలి జట్టు కోళ్లగంపలో పిల్లి దూరినట్టు చెదిరిపోయేది. ప్రయోగం అయ్యాక వాడు నా దగ్గరకు వచ్చి నిలబడ్డాడు.

"సార్, ఒక మాట. బెంగళూరులో మా మామ నాకు గోడౌన్‌లో పని చూసినాడు. ఈ వారంలోనే వచ్చి చేరమంటాండాడు. పోతే ఇంక నాకు ఆట లేదు. ఈడనే ఉండి, ఆటలు జరిగి, యూనివర్సిటీ జట్టులో పడితే పోలీసు ఉద్యోగానికి స్పోర్ట్స్ కోటా ఉంటాది. ఉంటాయా, లేవా? మీరు ఏది చెప్తే అది చేస్తా."

ఒక పిల్లవాడి బతుకు నా నాలుక మీద ఉంది. బుద్ధి ఉన్నవాడెవడైనా "కనుక్కుని చెబుతాను" అంటాడు.

"ఉంటాయి," అన్నాను.

"ఎప్పుడు సార్?"

"ఫిబ్రవరిలో."

ఫిబ్రవరి ఎక్కడి నుంచి వచ్చిందని మీరు అడగవచ్చు. ఆ నెలలో చలి తగ్గుతుంది, ఎండ ఇంకా ముదరదు, కబడ్డీకి హాయిగా ఉంటుందని నాకు అనిపించింది. అంతకు మించి ఆధారం లేదు.

"కచ్చితంగానా సార్? మామకు ఏం చెప్పేది?"

"కచ్చితమా? కావాలంటే రాయి మీద చెక్కిస్తా, పో!"

మాట వరసకు అన్నానని ఇంకొకడైతే ఊరుకునేవాడు. నేను ఆదివారం పొద్దున్నే ఆళ్లగడ్డ బస్సెక్కాను. ఎప్పుడూ ప్లాస్టిక్ కప్పులేనా, మన గడ్డ మీద ఇంతమంది శిల్పులు ఉండగా రాతి బహుమతి ఎందుకు ఇవ్వకూడదు అన్న గొప్ప ఆలోచన కూడా దారిలో తోడెక్కింది. రోడ్డు పక్కన షెడ్డులో శిల్పి ఓబులేసు ఉలితో రాయి చెక్కుతూ తలెత్తకుండానే అడిగాడు.

"ఏం కావాలప్పా? వినాయకుడా, ఆంజనేయుడా?"

"కబడ్డీ."

"ఆయప్ప యాడ వెలసినాడు? నేనెప్పుడూ ఇనలేదే."

దేవుడు కాదని, ఆట అని చెప్పాను. ఒకడు దూకుతుంటాడు, ఇంకొకడు వాడిని ఒడిసిపడతాడు అని అక్కడే షెడ్డులో పొర్లి చూపించాను. ఓబులేసు కళ్లు వెలిగాయి.

"ఒడిసిపట్టేదేనా? అది నాకు అలవాటే. కింద ఏం కొట్టాల?"

"కబడ్డీ పోటీలు, ఫిబ్రవరి అని కొట్టు. సంవత్సరం కూడా వెయ్యి."

"ఖాయమే గదా? నా ఉలి పడినంక బ్రహ్మదేవుడు వచ్చి చెప్పినా చెరిపేది లేదు."

"ఖాయం."

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నారు పెద్దలు. నా విషయంలో ఆట లేదు, కూత లేదు, కప్పు పేరు ఫిబ్రవరి. మద్దిలేటి ఆ రోజే మామకు ఫోన్ చేసి రానని చెప్పేశాడు.

ఇక ఆ రాయి పని మొదలుపెట్టింది. ఓబులేసు షెడ్డు హైవే మీదే ఉంది. బస్సు ఆగినప్పుడల్లా జనం దిగి చూసేవారు. "ఏందప్పా ఇది?" అంటే, "ఫిబ్రవరిలో ఆటలు. నంద్యాల పెద్దోళ్లు చేయిస్తాండారు" అనేవాడు ఓబులేసు. ఆ పెద్దోళ్లు అంటే నేనొక్కణ్ణే, అదీ షెడ్డులో పొర్లినవాణ్ణి. కానీ మాట బస్సెక్కితే ఊరూరికీ లావెక్కుతుంది. ఆత్మకూరులో దిగేసరికి అది ఎలా తయారైందో రామసుబ్బయ్య నాకు ఫోన్ చేసినప్పుడు తెలిసింది.

"అన్నా, శుభవార్త! ఆటలు ఖాయం! ఫిబ్రవరి!"

"ఎవరు చెప్పినారప్పా?"

"బస్సు కండక్టరు కండ్లారా చూసినాడంట. ప్రారంభోత్సవానికి శిలాఫలకం గూడ తయారైపోయిందంట ఆళ్లగడ్డలో! పెద్ద పెద్దోళ్లు వస్తాండారంట!"

ఇక్కడ మీరు నన్ను కొట్టినా పడతాను. నాకు వెలగలేదు. పైగా ఒళ్లు పులకరించింది. నేను గాలిలోంచి పట్టిన ఫిబ్రవరినే యూనివర్సిటీ వాళ్లూ పట్టారంటే, నా అంచనా ఎంత గొప్పది! వంటింట్లోకి పరుగెత్తి నా భార్య సుభద్రకు చెప్పాను. ఆమె వంకాయ తరుగుతూ నా వైపు అదోలా చూసింది.

"ఆళ్లగడ్డలో రాయి చెప్పొచ్చింది నువ్వే గదా?"

"నాది బహుమతి. వాళ్లది శిలాఫలకం. వేరు వేరు."

"రెండింటిలోనూ ఫిబ్రవరేనా?"

"అదే కదా విచిత్రం!"

"విచిత్రమే," అంది సుభద్ర. వంకాయను ఇంకాస్త గట్టిగా తరిగింది.

మర్నాడు మైదానంలో జట్టును నిలబెట్టి, "నేను చెబితే నమ్మలేదు కదా, ఇప్పుడు ఆత్మకూరు నుంచే కబురొచ్చింది" అని ప్రకటించాను. ప్రిన్సిపాలు పిలిచి ఎవరు చెప్పారని అడిగితే, "ఆత్మకూరు పీడీ" అన్నాను. అబద్ధం కాదు కదా! ఆ దెబ్బతో చుట్టుపక్కల కాలేజీలన్నీ సాధనలో దిగాయి. ఆళ్లగడ్డ జట్టు తెల్లవారకముందే పరుగులు తీస్తోందని మేము, మేము తీస్తున్నామని వాళ్లు. తానే కొట్టిన డప్పుకు తానే చిందేసినట్టు నేను ఊరంతటినీ ఆడించి, అందరికన్నా ఎత్తు ఎగిరాను.

జనవరి చివర చుట్టుపక్కల పీడీలందరూ ఏర్పాట్ల కోసం మా కాలేజీలోనే కలిశారు. గేటు దగ్గర నిలబడి మాట్లాడుకుంటుండగా ప్రిన్సిపాలు ముఖం వేలాడేసుకుని వచ్చాడు.

"యూనివర్సిటీ నుంచి ఫోను. ఈ సంవత్సరం ఏ ఆటలూ లేవు. ఫిబ్రవరి అని ఎవరు చెప్పారని వాళ్లే నన్ను అడుగుతున్నారు. అసలు మొదట ఎవరయ్యా చెప్పింది?"

సంజామల పీడీ ఆళ్లగడ్డ పీడీని చూశాడు. ఆళ్లగడ్డ పీడీ రామసుబ్బయ్యను చూశాడు. నేను కూడా, అందరితో పాటు, రామసుబ్బయ్యనే చూశాను.

"నాకు కండక్టరు చెప్పినాడు సార్. ఆళ్లగడ్డలో రాయి ఉందంట," అన్నాడు రామసుబ్బయ్య.

"ఏం రాయి? ఎవరి రాయి?"

సరిగ్గా అప్పుడే ఒక ట్రాలీ ఆటో గేటు ముందు ఆగింది. అందులోంచి ఓబులేసు దూకాడు. వెనక గోనెపట్టా కప్పిన నా బహుమతి. అప్పుడు వెలిగింది నాకు. ఆ రాయి, ఈ రాయి, అన్నీ ఒకటే రాయి! నా గుండె కూత ఆపేసింది.

"పీడీ సార్ యాడప్పా?" అన్నాడు ఓబులేసు. అందరి ముఖాలకూ మాస్కులు. "మూతులకు గుడ్డలు కట్టుకుంటే మనిషి ఎట్ల తెలిసేది? పీడీ సార్ ఎవరు?"

నేను మాస్కును కళ్ల దాకా లాక్కున్నాను. చరిత్రలో మాస్కును అంత శ్రద్ధగా వాడినవాడు ఇంకొకడు ఉండడు. రామసుబ్బయ్య, ఆ పరమ సాధువు, ఒక అడుగు ముందుకేశాడు.

"నేను పీడీనే. ఏంది?"

"నీ రాయి తెచ్చినా సామీ. దించుకో!"

పట్టా లాగాడు. అందరూ ఒక్కసారి వెనక్కి జరిగారు. ఓబులేసు చేతికి అలవాటైన పని అన్నాడే, అదే చేశాడు. కబడ్డీ ఆటగాడు నరసింహస్వామిలా కోరలతో, కిరీటంతో కూర్చున్నాడు. అవతలి జట్టువాడు హిరణ్యకశిపుడిలా ఆయన తొడ మీద వెల్లకిలా ఉన్నాడు. కింద "కబడ్డీ పోటీలు, ఫిబ్రవరి" అని గుండ్రటి అక్షరాలు. మా అటెండరు గబగబా చెప్పులు విడిచి చెంపలు వేసుకున్నాడు.

"ఇదేనా రామసుబ్బయ్యా నీ ఆధారం?" అన్నాడు ప్రిన్సిపాలు. నవ్వులు గేటు దాటి రోడ్డు మీదికి పోయాయి. "నాది కాదు సార్" అని రామసుబ్బయ్య ఎంత మొత్తుకున్నా ఎవరికీ వినబడలేదు. ఆ రోజే ఆయన పుకార్ల సుబ్బయ్య అయ్యాడు.  ప్రతి దానికీ జవాబున్న నా నోరు సరిగ్గా అవసరమైనప్పుడు మూతపడింది.

నవ్వనివాడు ఒక్కడున్నాడు. మద్దిలేటి. రాయి ఎవరిదో వాడికి తెలుసు. అందరూ పోయాక నా దగ్గరకు వచ్చాడు. కోప్పడతాడేమో అనుకున్నాను. కోప్పడలేదు.

"కూతకు పంపింది మీరే సార్," అన్నాడు. "నేను అవతల ఉండంగానే నడుమ గీత చెరిపేసినారు. ఇప్పుడు యాడికి రావాల నేను?"

వాడి మామకు నేనే ఫోన్ చేసి బతిమాలాను. "గోడౌన్ పని మీ రాయి మాదిరి కాసుక్కూచోని ఉంటాదా సార్? ఎప్పుడో వేరేవాడు చేరినాడు" అన్నాడాయన. తర్వాత రెండో విడత కరోనా వచ్చింది. మద్దిలేటి పల్లెకు పోయి శనగ చేలో దిగాడు. పోలీసు కాలేదు. దీనికి నా దగ్గర హాస్యం లేదు. చాలా రోజులకు ఆళ్లగడ్డలో ఒక ప్రైవేటు బడిలో ఆటల మాస్టారుగా చేరాడు.

రాయి మాత్రం ఓబులేసు గేటు పక్కన దించిపోయిన చోటే ఉంది. మోసేవాడు దొరకలేదు. పరీక్షలకు ముందు ఎవడో చదవనివాడు దానికి కుంకుమ పెట్టి మొక్కుకున్నాడు. అదే వారం కరోనా వల్ల పరీక్షలు వాయిదా పడ్డాయి. ఇంకేముంది, వాయిదాల స్వామి వెలిశాడు! అప్పటి నుంచి మా కాలేజీలో చదువురాని భక్తులకు కొదవ లేదు.

పెళ్లి నుంచి తిరిగొచ్చిన వారంలో మద్దిలేటి ఫోన్ చేశాడు.

"సార్, ఈ ఏడు ఆటలు ఎప్పుడు? మా పిల్లోళ్లు రోజూ అడుగుతాండారు."

నాలుక దురద పెట్టింది. నవంబరు అన్న మాట పళ్ల దాకా వచ్చింది. చలి మొదలవుతుంది, వానలు తగ్గుతాయి, హాయిగా ఉంటుంది. కళ్లు మూసుకుని మింగేశాను.

"తెలీదప్పా," అన్నాను.



"హలో? ఎవరు మాట్లాడేది? కొంచెం పీడీ సార్‌కు ఫోన్ ఇస్తారా?"

కాబట్టి సభాముఖంగా తెలియజేసుకుంటున్నాను. రామసుబ్బయ్యా, నీకు ఇన్నేళ్లూ పుకార్ల బిరుదు నేనే అప్పగించి ఉంచాను. అది నా సొంత ఆస్తి. వాపసు ఇచ్చెయ్. ఇకమీదట ఆట ముగిసి, ఆటగాళ్ల చెమట ఆరి, ఓడినవాళ్లు ఇంటికి పోయి పడుకునేదాకా ఏ నెల పేరూ నా నోట రాదని వాయిదాల స్వామి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నమ్మకం లేకపోతే చెప్పండి, ఇదే మాట రాయి మీద... వద్దులెండి. నోటిమాటే.