రుచి చూడని చెయ్యి

కెనడాలో రిచ్‌మండ్ హిల్ చుట్టుపక్కల తెలుగువాళ్ళ ఇంట్లో వ్రతమో, గృహప్రవేశమో, బారసాలో జరిగిందంటే కనకదుర్గ గారి పులిహోర, పరమాన్నం ఉండాల్సిందే. ఆవిడ వంట చేస్తూ రుచి చూసేది కాదు. దేవుడికి పెట్టక ముందు నోట్లో వేసుకోవడమేమిటని పుట్టింటి నుంచి తెచ్చుకున్న పట్టింపు. ఈ దేశం వచ్చి ఇన్నేళ్ళయినా దాన్ని వదల్లేదు. ఉప్పు సంగతి చెయ్యి చెప్పేది, మిగతాదంతా ముక్కు చెప్పేది.

"టేస్ట్ చెయ్యకుండా ఎలా ఆంటీ? నాకైతే పది సార్లు చూసినా కుదరదు," అని ఆడపిల్లలు అడిగితే, "కుదరకపోతే ముందు దేవుడే మొహం చిట్లిస్తాడులే," అని నవ్వేసేది.

రెండేళ్ళ కిందట ఒక జ్వరం వచ్చి తగ్గింది. పోతూ పోతూ ముక్కును పట్టుకుపోయింది. నాలిక మీద ఉప్పు, పులుపు, కారం తెలుస్తున్నాయి గాని ఇంగువ లేదు, కరివేపాకు లేదు, నెయ్యి లేదు. రేపో మాపో తిరిగొస్తుందనుకుంది. రాలేదు. ఎవరికీ చెప్పలేదు. భర్త జనార్ధనరావుకి అసలే చెప్పలేదు. ఆవాలు చిటపటలాడే చప్పుడును బట్టి, మిరపకాయ రంగును బట్టి నెట్టుకొచ్చింది. రుచి చూడదని ఊరందరికీ తెలుసు కాబట్టి అనుమానపడ్డవాళ్ళు లేరు. ఈమధ్య ఆర్డర్లు తగ్గాయి. "చదువుకునే పిల్లలు మాంట్రియల్ అనీ, ఎడ్మంటన్ అనీ వెళ్ళిపోతున్నారు కదా," అన్నాడు భర్త. కాబోలనుకుంది. చాలా రోజులకు మళ్ళీ తెలిసినవాళ్ళమ్మాయి మధుమిత శ్రీమంతానికి పెద్ద వంట ఒప్పుకుంది. వచ్చే శనివారమే. అది బాగా కుదిరితే మళ్ళీ అన్నీ సర్దుకుంటాయని ఆవిడ ఆశ.

ఇంతలో కూతురు చరిత పెళ్ళిరోజు కానుకని నయాగరా-ఆన్-ది-లేక్ అనే ఊళ్ళో ఒక పాతకాలపు పెద్ద హోటల్లో గది బుక్ చేసింది. "అమ్మా, జస్ట్ గో! ఒక్క వీకెండ్‌కి నీ కిచెన్ ఎక్కడికీ పారిపోదు," అంది ఫోన్లో.

వెళ్ళారు. అక్టోబరు చివర. కోత అయిపోయిన ద్రాక్షతోటలు సన్నని వానలో బోసిగా నిలబడి ఉన్నాయి. గదిలో మోకాలెత్తు పరుపు, గోడ గూట్లో చలిమంట, కాళ్ళున్న స్నానాల తొట్టి. దిండ్ల మీద లావెండర్ అత్తరు చల్లామని హోటల్ అమ్మాయి చెప్పింది. జనార్ధనరావు దిండు దగ్గరికి వంగి "ఆహా" అన్నాడు. ఆయన మొహం చూశాక కనకదుర్గ కూడా "ఆహా" అంది. రెండేళ్ళుగా ఆవిడ నేర్చుకున్న విద్య అదే.

మధ్యాహ్నం వైన్ రుచి చూపించే చోటికి తీసుకెళ్ళారు. పొడుగాటి బల్ల చుట్టూ నాలుగైదు జంటలు. వైన్ పోస్తున్న అమ్మాయి క్లేర్ ప్రతి గ్లాసుకీ ముందు వాసన చూడమంటోంది. జనార్ధనరావు గ్లాసు తిప్పి, కళ్ళు మూసుకుని, "పనసతొనలా ఉంది," అన్నాడు.

"మీకు అన్నీ పనసతొనల్లాగే ఉంటాయి," అంది కనకదుర్గ.

"మరి నువ్వు చూసి చెప్పు. ఊరందరికీ ముక్కు నువ్వే కదా."

ఆవిడ గ్లాసు పక్కకి జరిపింది. "నేను తాగనమ్మా," అంది క్లేర్‌తో, ఇంగ్లీషులో.

"తాగక్కర్లేదు. వీటితో ఆడుకోండి," అని క్లేర్ మూతలున్న చిన్న గాజు సీసాలు ముందు పెట్టింది. ఒక్కోదాంట్లో ఒక్కో వాసన. కనకదుర్గ తెలివిగా పక్కావిడ నోటికేసి చూసింది. ఆవిడ నిమ్మ అంటే నిమ్మ, ఆవిడ గులాబీ అంటే గులాబీ. పరీక్షలో పక్కవాళ్ళ పేపరు చూసి రాసినట్టు గట్టెక్కుతూ వచ్చింది. చివరి సీసా క్లేర్ ముందుగా ఆవిడకే ఇచ్చింది. చూసి రాసుకోవడానికి ఎవరూ లేరు.

కనకదుర్గ సీసాను ముక్కుకి ఆనించి, నిండుగా ఊపిరి పీల్చి, చిరునవ్వుతో "చాలా బాగుంది. ఏదో పువ్వు," అంది.

బల్లంతా గొల్లుమంది. సీసా తనదాకా వచ్చిన పక్కావిడ "అబ్బా!" అని తల పక్కకి తిప్పేసుకుంది. పాడైపోయిన వైన్ ఎలా ఉంటుందో తెలియడానికి పెట్టిన సీసా అది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన. ఈ పెద్దావిడ భలే హాస్యమాడిందని క్లేర్ చప్పట్లు కొట్టింది. కనకదుర్గ కూడా నవ్వింది. జనార్ధనరావు నవ్వలేదు. బల్ల కింద ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. ఆ పట్టులో ఆశ్చర్యం లేకపోవడం ఆవిడని భయపెట్టింది.

సాయంత్రం హోటల్లోనే భోజనం. పెద్ద పెద్ద తెల్లటి పళ్ళాల్లో ఇంతింత వంటకాలు. ప్రతిదానికీ వెయిటర్ వచ్చి అది ఏ తోటదో, ఏ చెక్క పొగ పెట్టారో చెప్పి వెళుతున్నాడు. కనకదుర్గ ఒక పుట్టగొడుగు ముక్క నమిలింది. మెత్తగా ఉంది, ఉప్పగా ఉంది. అంతే.

"మీకు ఎప్పట్నుంచి తెలుసు?" అంది.

ఆయన ఫోర్కు పళ్ళెంలో పెట్టాడు. "నువ్వు స్టవ్ పక్కనే కూర్చుని పేపర్ చదువుకుంటున్నావు. పాలు అడుగంటి ఇల్లంతా కంపు. నీకు చీమ కుట్టినట్టయినా లేదు. ఆ రోజు నుంచి."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు చెబుతావని చూశాను."

"పాత నూనె కంపు కొట్టక ముందే కొత్త డబ్బాలు తెగ తెచ్చేవారు, అందుకా? నేను పూజలో ఉన్నప్పుడు గిన్నెల మూతలు తీసేవారు, అందుకా?"

"అన్నిసార్లూ నా వల్ల కాలేదు దుర్గా. రేవంత్ వాళ్ళ గృహప్రవేశంలో పరమాన్నం మాడు కంపు కొట్టింది. వాళ్ళు నాకు ఫోన్ చేశారు. గరిటె నా చేతికిచ్చి నువ్వు స్నానానికి వెళ్ళావని, నేనే మాడ్చానని చెప్పాను. ఇంకోచోట చట్నీ పాడైంది. అదీ నేనే ఎండలో పెట్టానన్నాను. ఎన్నిసార్లని నమ్ముతారు?"

"పిల్లలు ఊళ్ళొదిలి వెళ్ళిపోతున్నారన్నారు."

"కొందరు వెళ్ళారు."

కనకదుర్గకి ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఎవరిమీదో తెలియని కోపం. ఇన్నాళ్ళూ తను జాగ్రత్తగా దాచుకున్నదాన్ని ఊరంతా తిని, మొహమాటానికి మింగి, ఇంటికెళ్ళి మాట్లాడుకుంది. తను మాత్రం, కుదరకపోతే దేవుడే మొహం చిట్లిస్తాడంటూ నవ్వుతూ తిరిగింది.

"నా మానాన నన్ను ఆపెయ్యనివ్వాల్సింది," అంది.

"ఆపేస్తే పొద్దున్న లేచి ఏం చేస్తావో నాకు తోచలేదు," అన్నాడాయన. "అది ఆలోచించడం కంటే నూనె మార్చడమే తేలిక అనిపించింది."

ఆవిడ ఫోన్ తీసింది.

"ఇప్పుడెందుకు? ఇంటికెళ్ళాక చూద్దాం," అన్నాడు.

"కడుపుతో ఉన్న పిల్లండీ," అంది. నంబరు నొక్కింది.

"అమ్మా మధుమితా, నేను. శనివారం వంట నావల్ల కాదమ్మా. ఒంట్లో బాగుండటం లేదు. ఇంత దగ్గరపెట్టుకుని చెబుతున్నాను, ఏమీ అనుకోకు."

అవతల బరువు దించుకున్నట్టు పొడుగాటి ఊపిరి. "అయ్యో, అస్సలు పర్లేదు ఆంటీ! మీరు టెన్షన్ పడకండి. మేము ఎందుకైనా మంచిదని ఆల్రెడీ ఇంకొకరికి కూడా చెప్పి ఉంచాం. మీరు మాత్రం తప్పకుండా రావాలి. అక్షింతలు వెయ్యడానికి."

"వస్తానమ్మా," అంది కనకదుర్గ.

ఫోన్ బల్ల మీద పెట్టింది. "ముందే ఇంకొకరికి చెప్పుకున్నారట," అంది.

ఎవరికని ఆయన అడగలేదు. పళ్ళెంలోకి చూస్తూ కూర్చున్నాడు. ఆ మాట ఆయనకి ముందే తెలుసునని ఆవిడకి అర్థమైంది.

వెయిటర్ తర్వాతి వంటకం తెచ్చి, గాజు మూత ఎత్తి, రెండు క్షణాలు పొగ వాసన ఆస్వాదించమని చెప్పి నిలబడ్డాడు. కనకదుర్గ తల వంచలేదు. భర్త మొహంకేసి చూడనూ లేదు. "నాకు వాసన తెలియదు నాయనా," అంది అతనితో, మామూలుగా, ఇంగ్లీషులో. అతను క్షమాపణ చెప్పి వెనక్కి తగ్గాడు. పొగ చెదిరిపోయేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు.