చేప బొమ్మ పళ్లెం

కిందటేడు వానలకు షద్లియా పడగ్గది కప్పు కారి కారి, చివరికి ఆమె మంచాన్ని వంటింట్లోకి తరిమింది. ఈ ఏడు బక్రీదు సెప్టెంబరులో పడింది. స్ఫాక్స్ ఊళ్లో దాని వెనకే వానలు. కరెంటుకీ, గ్యాసుకీ, రక్తపోటు మాత్రలకీ పోగా, చనిపోయిన భర్త తిజానీ పింఛనులో ఆమె ఏడాది పొడుగునా నోరు కట్టుకుని మిగిల్చిన డబ్బు గొర్రెకైతే సరిపోతుంది, కప్పుకైతే సరిపోతుంది. రెండూ కావాలంటే అప్పే గతి.

"వాయిదాల మీద గొర్రెలిస్తున్నారట పిన్నీ, తెచ్చుకోరాదూ?" అంది పక్కింటి దలెందా.

"గొర్రె నాలుగు రోజుల్లో అయిపోతుంది, వాయిదా ఏడాదంతా నన్ను మేస్తుందే! అప్పు చేసి పప్పుకూడు మా ఇంటావంటా లేదు."

అని, మర్నాడే మేస్త్రీని పిలిపించింది. డాబా మీద ఏటా గొర్రెను కట్టే ఇనుప కడియం చూసి అతను, "దీన్ని పీకేయనా అమ్మా?" అన్నాడు.

"చేతులు విరుగుతాయి! చుట్టూ పూసుకో."

ఇంతవరకూ బుద్ధిమంతురాలి పనే. కానీ వీధిలో ప్రతి డాబా మీదా గొర్రె అరుస్తుంటే మనసు ఊరుకుంటుందా? ముప్ఫై ఏళ్లుగా పండుగనాడు లేనివాళ్లకి మాంసం పంపిన ఇల్లది. ఆకుపచ్చ చేప బొమ్మ ఉన్న పళ్లెంలో పంపేది. ఒక ఏడాది ఆ పళ్లెం కనబడకుండా పోయింది. తిజానీయే పగలగొట్టి ముక్కలు దాచేశాడని ఆయన పోయేదాకా దెప్పుతూనే ఉంది. ఆయన మీసంలో నవ్వుకునేవాడు తప్ప పెదవి విప్పలేదు. ఇప్పుడు అదే ఇంటికి ఎవరో జాలిపడి మాంసం తెస్తే? పెట్టిన చెయ్యి చాచాలా?

అందుకని పండుగ పొద్దున ఒక ఘనకార్యం చేసింది. కొత్తగా పూయించిన డాబా మీద కుంపటి రాజేసి, నూనెలో ఊరబెట్టి దాచిన కిందటేటి ఎండుమాంసం ముక్కలు నిప్పుల మీద వేసింది. పొగ లేచింది. వీధంతా చూస్తుందిలే, ఇక ఎవరూ రారు అనుకుంది.

అయ్యో తల్లీ! పండుగ పొద్దున ముందు కాల్చేది పచ్చి కార్జమని ఆ ఊళ్లో పాలు తాగే పిల్లకైనా తెలుసు. వెల్లుల్లీ ఎండు పుదీనా పట్టించిన ఏడాదినాటి మాంసం పొగ, కార్జం పొగలా ఉంటుందా?

పిట్టగోడ అవతల దలెందా ముక్కు ఎగబీల్చింది. కాసేపటికి గుడ్డ కప్పిన పళ్లెంతో మెట్లెక్కి వచ్చింది.

షద్లియా ముఖం గంటుపెట్టుకుంది. "నాకెందుకే? నేను కాల్చుకుంటున్నానుగా, కనబడ్డం లేదూ?"

"వాసన కూడా వస్తోంది పిన్నీ."

"దానం పుచ్చుకునే ఇల్లు కాదే ఇది. తీసుకుపో!"

"దానమెవరిచ్చారు? నీ పళ్లెం నీకిస్తున్నా." గుడ్డ తీసింది. వేడి కార్జం కింద ఆకుపచ్చ చేప తోక కనిపించింది. "నేను కాపురానికొచ్చిన ఏడు మా ఇంట్లో గొర్రె లేదు. ఇందులో పంపావు. ఇరుగుపొరుగు పళ్లెం ఖాళీగా తిరిగి పంపకూడదు కదా? మాంసంతో వచ్చింది, మాంసంతోనే పంపాలనుకున్నా. ఏటా నీ డాబా మీద గొర్రె అరుస్తూనే ఉండె. ఉన్నవాళ్లకి ఏం తెచ్చేది?"

"దొంగముండా! దీనికోసం నేను ఆయన్ని ఎన్ని మాటలన్నానో తెలుసా?"

"గోడకవతల వింటూనే ఉన్నాగా. ఉండబట్టలేక ఒకరోజు బాబాయికి చెప్పేశా. 'అందులో పెట్టి పంపే రోజు వచ్చేదాకా ఉంచుకో తల్లీ, ఆ తిట్లు నేను తింటాలే' అన్నాడు."

షద్లియా ఇనుప కడియం పక్కన కూలబడింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది, మధ్యలో నవ్వొచ్చింది, మళ్లీ ఏడ్చింది.

"ఒక్కసారైనా 'పగలగొట్టింది నేను కాదే' అని ఉంటే ఏం పోయె, పిచ్చి మారాజు!"

దలెందా ఒక ముక్క తుంచి ఆమె నోటికందించింది. షద్లియా నోరు తెరిచింది.