బూడిద పెట్టిన అతుకు

మా తాత సాంబయ్య చెయ్యి పెడితే చచ్చిన లారీ లేచి నిలబడటమే కాదు, డ్రైవరు ఎక్కకముందే వేములవాడ పోయి రాజన్నకు దండం పెట్టుకుని, తిరిగొచ్చి షెడ్డు ముందు తనంతట తానే హారన్ కొడుతుంది. కోరుట్లలో ఈ మాట నేను చాలామందికి చెప్పాను. అదే తాత అద్దాలు నుదుటి మీద పెట్టుకుని, వాటి కోసం పానాల డబ్బా అంతా కెలుకుతాడన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మేడిపల్లి మల్లేశం తన పాత లారీని ఇంకో బండికి కట్టి లాక్కొచ్చిన పొద్దున, సాంబయ్య చాయ్ గ్లాసు కింద పెట్టి ముఖం అటు తిప్పుకున్నాడు. అది సాంబయ్య కొడుకు మధుకర్ ఏళ్లకేళ్లు నడిపిన లారీ. సిరిసిల్ల నుంచి బట్ట బేళ్లు మోసిన లారీ. దాన్ని వదిలి మధుకర్ మస్కట్ పోయాడు. నిరుడు ఎండాకాలం అక్కడి క్యాంపు గదిలో పడుకున్నవాడు మళ్లీ లేవలేదు. పెట్టెలో ఇంటికొచ్చాడు. పెట్టె తెరిచి ముఖం ఒక్కటే చూపించారు.

మధుకర్ మా బాపు.

"కాకా, ఇగ నాతోని కాదు," అన్నాడు మల్లేశం. "జగిత్యాలల కొత్త బ్యాటరీ ఏపిచ్చిన. ఆల్టర్నేటర్ ఇప్పి బాగుచేపిచ్చిన. అయినా ఎర్ర లైటు ఆర్తలేదు. బ్యాటరీ కూసుంటనే ఉంది. నువ్వు గూడ కాదంటే పొద్దుగూకేవరకు తుక్కుకు అప్పజెప్త."

"తుక్కు గిక్కు అనకు. తాళంచెయ్యి ఇటియ్యి."

సాంబయ్య షెడ్డులోని బ్యాటరీ తగిలించి ఇంజను లేపాడు. బెల్టు నొక్కి చూశాడు, బిగువుగానే ఉంది. మీటరు తీగలు ఆల్టర్నేటర్‌కు ఆనిస్తే ముల్లు నిండుగా లేచింది. బ్యాటరీకి ఆనిస్తే సగంలోనే పడిపోయింది. ఎర్త్ వైరు బాగానే ఉంది. అంటే కరెంటు పుడుతోంది, దారిలో ఎక్కడో ఆగిపోతోంది. ఇక మిగిలింది రెండింటినీ కలిపే లావు వైరు.

క్యాబిన్ కిందికి దూరి, కళ్లు మూసుకుని, ఆ వైరు వెంట వేళ్లు నడిపించాడు.

"అద్దాలు నుదుటి మీదున్నయి తాతా," అన్నాను, అప్పుడే ఇంటి నుంచి తెచ్చిన సద్దిగిన్నె కింద పెడుతూ.

"ఉండనియ్యి. గీడ కండ్లతోని పనిలేదు."

ఆ వేళ్లకు సిరిసిల్లలోనే నడక వచ్చింది. పడుచుతనంలో ఆయనది వైపని, అంటే నూలుపోగులు అతికే పని. సాంచెకు, అంటే మరమగ్గానికి, నూలు చుట్టిన కొత్త భీము ఎక్కించినప్పుడు, పాత పోగుల కొసలకు కొత్త పోగుల కొసలు ఒక్కొక్కటే పురిపెట్టి అతకాలి. వేలు జారకుండా చిటికెడు బూడిద అద్దుకుంటారు. చిన్నప్పుడు మధుకర్ పక్కన కూర్చుని అదే నేర్చుకున్నాడు. సాంచెలు మూతపడ్డాక సాంబయ్య కోరుట్ల వచ్చి లారీ వైరింగు పనిలో చేరాడు. మొదటి రోజే బూడిద వేళ్లతో వైరు అతకబోతే, "ఇది నూలు గాదు, రాగి," అని ఉస్తాదు చెయ్యి మీద కొట్టాడు. ఆయన మానుకున్నాడు. కొడుకు మానలేదు. ఎన్నిసార్లు చెప్పినా, "నీ తాననే నేర్సుకుంటి గదనే బాపూ," అని నవ్వేవాడు.

వేళ్లు ఒకచోట ఆగాయి. టేపు కింద వైరు ఉబ్బి ఉంది, కాలుతోంది. ఇంజను ఆపించి, బ్యాటరీ తీగలు విప్పి, టేపు ఊడదీశాడు. లోపల రాగి పచ్చబారిపోయి, బూడిదరంగు పొడి రాలింది. ఎప్పుడో తెగిన ఆ లావు వైరును అతికినవాళ్లు అందరిలా మెలిపెట్టి చుట్టలేదు. లోపలి సన్నతీగలను ఒక్కొక్కటే, పోగుకు పోగులా, అతికారు.

లారీల దునియాలో అట్లా అతికేవాడు ఒక్కడే. ఏ రోడ్డు పక్కనో ఆగి, దేవుడి పటం ముందు రాలిన ఊదుబత్తి బూడిద వేళ్లకద్దుకుని కూర్చుని ఉంటాడు. వానలకు ఆ బూడిదే చెమ్మ పట్టి రాగిని తినేసింది.

సాంబయ్య ఆ పొడిని వేళ్ల మధ్య నలిపి చూశాడు.

మల్లేశం వంగి చూశాడు. అతనికీ అర్థమైంది. "గీకి మళ్ల టేపు సుట్టరాదే కాకా. ఉంచుదాం," అన్నాడు మెల్లగా.

సాంబయ్య గరుకు కాగితంతో ఒక తీగను రుద్దాడు. అది పొడైంది. ఇంకొకటి రుద్దాడు. అదీ అంతే. ఉంచితే లారీ తుక్కుకు పోతుంది, అతుకూ దాంతోపాటే పోతుంది. కటింగ్ ప్లేయర్ అందుకున్నాడు. అతుకుకు అటూ ఇటూ వైరు కత్తిరించాడు.

కొత్త వైరు వేసి, కొసలకు రాగి బిళ్లల్లాంటి లగ్గులు కొట్టి బిగించాడు. ఇంజను లేపగానే ఎర్ర లైటు ఆరిపోయింది. బ్యాటరీ దగ్గర మీటరు ముల్లు నిండుగా నిలిచింది. మల్లేశం లారీకి కట్టిన తాడు విప్పాడు.

తాత మాత్రం పచ్చబారిన వైరు ముక్కను అరచేతిలో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. అది చూసి నాకు భయమేసింది. భయమేస్తే నా నోరు ఊరుకోదు.

"ఏంది తాతా, దాన్ని గూట్లె పెట్టి దండేస్తవా? మా బాపు అతుకు గంత గొప్పదా?"

"తప్పుగ అతికిండు," అన్నాడు తాత. "వాడు ఉంటే సెంపమీద ఒక్కటి పీకి మళ్ల అతికిపిద్దును. ఇప్పుడు ఎవన్ని పీకాలె? సద్ది ఇటు పెట్టి ఇంటికి పో."