మునెయ్య నేర్చుకున్న గ్రీకు మాట

తిరుపతి స్టేషన్ దగ్గర ముప్పై రెండేళ్లుగా టాక్సీ నడుపుతున్న మునెయ్యకు ఒక పిచ్చి ఉంది. బండెక్కినవాళ్లది ఏ భాషైనా సరే, ‘మీది ఏ ఊరు’ అని ఆ భాషలో అడగడం నేర్చుకుంటాడు. ఒరియా, మరాఠీ, జపాన్ మాట కూడా అలా పట్టినవే.

మొన్న ఫిబ్రవరిలో వేలూరు కోట చూడాలని ఎలెని అనే గ్రీసు దేశపు పెద్దావిడ బండెక్కింది. పూతలపట్టులో కుప్పయ్య టీ అంగడి ముందు ఆగినప్పుడు, వచ్చీరాని ఇంగ్లీషులో మునెయ్య ఆమె ఊరడిగాడు.

“పుట్టింది ఏథెన్సులో. కానీ కతాగొమె అపో తి స్మిర్ని,” అందామె, చివరి మాటలు గ్రీకులో.

“పుట్టిన ఊరూ, ఈ స్మిర్నీ ఒకటి కాదా?”

“కాదు. స్మిర్ని సముద్రానికి అవతల, మా నాయనమ్మ ఊరు. వందేళ్ల కిందట తగలబడింది. ఆమె ఓడెక్కి బయటపడింది. నేను చూడనైనా లేదు. అయినా కతాగొమె అంటాను. అక్కడి నుంచి దిగివస్తున్నాను అని.”

“వచ్చేసినారు కదా, ఇంకా వస్తున్నారా?”

“ఆ మాట అంతే. ఊరు కాలిపోయినా ‘వచ్చాను’ అనం.”

మునెయ్య టీ గ్లాసు పక్కన పెట్టాడు. అతని తొమ్మిదో ఏట సొంతూరు రేగులగుంట కొత్తగా కట్టిన డ్యామ్ నీళ్లలో మునిగింది. మంచాలు, రోలు ఎడ్లబండికెత్తి నాయన పాకాల చేర్చాడు. అడిగినవాళ్లకు మునెయ్య మొదట పాకాల అని, తర్వాత తిరుపతి అని చెప్పుకుంటూ వచ్చాడు. లేని ఊరిని మాదని ఎట్లా చెప్పడం? ఊరు పోయినవాళ్ల కోసం ఎక్కడో ఒక భాష ఇలాంటి మాటను కాపాడి పెట్టిందని తెలిసేసరికి, దాన్ని తనకూ నేర్పమన్నాడు.

పలకడం నాలుగుసార్లు తప్పింది. ‘తా’ దగ్గర నొక్కమని ఆమె దిద్దింది. అయిదోసారి నిదానంగా అన్నాడు.

“కతాగొమె అపో రేగులగుంట.”

ఎలెని బ్యాగులోంచి కాగితం తీసి ఆ పేరును గ్రీకు అక్షరాల్లో రాసిచ్చింది. నీళ్లపాలైన ఊరు తెలియని లిపిలో నల్లగా, నిండుగా కనబడింది. మునెయ్య దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు.

“ఏందప్పా అది?” అన్నాడు కుప్పయ్య.

“మా ఊరి పేరు.”

“మీది తిరప్తి కదా?”

“కాదబ్బా, రేగులగుంట.”

“యాడుండాది?”

“డ్యామ్ నీళ్ల కింద ఉండాది.”

కుప్పయ్య పొయ్యి తగ్గించి బల్ల మీద కూర్చున్నాడు. మునెయ్య తమ వీధి గురించి, నాయన తవ్వించిన బావి గురించి చెప్పసాగాడు. తెలుగు ఒక్క ముక్క రాకపోయినా ఎలెని కదలకుండా వింటూ కూర్చుంది.