ఆర్థర్ గారి సాక్ష్యం, నా తర్జుమా

పోయిన శనివారం ప్రార్థన కూడికలో ఒక పెద్దాయన నా పక్క కుర్చీలో వచ్చి కూర్చున్నారు. మోకాళ్లకు రాసుకున్న నొప్పుల మందు వాసన గుప్పున వచ్చింది. ఘాటుగా, చల్లగా, ముక్కు లోపలి దాకా వెళ్లే వాసన. పాట సగంలో ఉంది. నేను పాడటం ఆపేశాను. ఆ వాసన నాకు ఒకే మనిషిది. ఆర్థర్ గారు మా ఇంటి మెట్లు ఎక్కకముందే ఆ వాసన తలుపు దాకా వచ్చేది. ఆయన పోయి రెండేళ్లయింది. ఆయన్ని ఎన్నడూ చూడనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఆయన మాట్లాడిందంతా ఇంగ్లీషే. ఆ మాటల్ని ఇక్కడ తెలుగులో పెడుతూ ఒక్కోదాని దగ్గర ఆగి సరిచూసుకుంటున్నాను. ఎందుకో చదివేవారికి కాసేపట్లో తెలుస్తుంది.

కెనడాలోని మిల్టన్‌లో మేము కొనుక్కున్న టౌన్‌హౌస్ వరుసలో చివరి ఇల్లు ఆయనది. భార్య పోయారు, పిల్లలు లేరు. స్కూలు భవనాల మరమ్మతు పనిలో పాతికేళ్లు చేసి రిటైరయ్యారు. అంతకుముందు ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ ఆడేవారు. ఆ దేశపు ఫుట్‌బాల్ అనగానే టీవీలో కనిపించే పెద్ద జట్లే మనకు గుర్తొస్తాయి. వాటి కింద మెట్లు మెట్లుగా చిన్న ఊళ్ల జట్లుంటాయి. వాటిలో అట్టడుగు మెట్టు మీద ఆయన పన్నెండేళ్లు ఆడారు. శనివారం మ్యాచ్, బురద గ్రౌండు, గంటల కొద్దీ బస్సు ప్రయాణం, ఆట లేని ఎండాకాలంలో బిస్కట్ల ఫ్యాక్టరీలో పని. ఒకసారి నేను, అన్నేళ్లలో ఏం గెలిచారని అడిగాను. "రెండు పాడైపోయిన మోకాళ్లు" అన్నారు. నవ్వలేదు కానీ, నేను నవ్వితే ఏమీ అనుకోలేదు.

మా అమ్మాయి హెప్సీకి పదకొండేళ్లప్పుడు ఆయన మా ఊరి ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టుకు కోచ్, హెప్సీ అందులో చేరింది. నేను కంచె అవతల ఫోన్ చూసుకుంటూ నిలబడేవాణ్ణి. మూడో రోజు నన్ను పిలిచి గ్రౌండులో గుర్తులుగా పెట్టే ప్లాస్టిక్ కోన్‌లు చేతిలో పెట్టారు. అప్పటినుంచి నాలుగేళ్లు వాటిని మోశాను. ఆయన నేర్పిన ఒక ఆట ఇప్పటికీ నా కళ్లముందు ఉంది. హెప్సీ మైదానం మధ్యలో నిలబడుతుంది. ముందు నుంచి ఒక పిల్ల బంతి తన్నుతుంది. హెప్సీ వెనకాల ఆర్థర్ గారు నిలబడి కొన్ని వేళ్లు ఎత్తి పట్టుకుంటారు. బంతి తన కాలికి చేరేలోపు హెప్సీ భుజం మీదుగా ఒకసారి వెనక్కి చూసి, ఎన్ని వేళ్లో చెప్పాలి. చెప్పలేకపోతే బంతి ముట్టుకోకూడదు.

"బంతి వచ్చాక చూస్తే ఏం లాభం? నీ వెనకాల ఎవరున్నారో తెలియకుండా ఆడకు" అనేవారు.

మిడ్‌ఫీల్డర్ పని ఏమిటని నేను అడిగితే ఆయన చెప్పింది చాలా చిన్న మాట. ముందున్నవాళ్లు గోల్ కొడతారు, వెనకున్నవాళ్లు గోల్ ఆపుతారు, మధ్యలోవాడు ఒకరి దగ్గర బంతి తీసుకుని పాడుచేయకుండా ఇంకొకరికి ఇస్తాడు, అంతే. చప్పట్లు కావాలనుకునేవాడు ఆ చోటికి పనికిరాడన్నారు. నేను చేసే పని కూడా అదేనని అప్పుడు నాకు తట్టలేదు.

నా పని సంగతి చెప్పాలి. మా నాన్న ఒంగోలు వైపు సువార్త సభల్లో పేరున్న తర్జుమాదారుడు. విదేశాల నుంచి వచ్చిన బోధకుడి పక్కన నిలబడి ఆయన ఇంగ్లీషును జనానికి తెలుగులో అందించేవాడు. బోధకుడు ఒక చెయ్యి ఎత్తితే నాన్న రెండు చేతులూ ఎత్తేవాడు. ఆయన ఒక్క మాట అంటే నాన్న మూడు అనేవాడు. మైదానం నిండా ఉన్న జనం ఆ మూడో మాటకే స్తోత్రం అనేవారు. నేను ఆ వేదిక మెట్ల మీద కూర్చుని పెరిగాను. పది ఆజ్ఞలు నాకు ఏడేళ్లకే కంఠస్థం. కెనడా వచ్చాక, పిల్లల దగ్గరికి వచ్చి ఉంటున్న మన పెద్దవాళ్ల కోసం శనివారం ఉదయం కమ్యూనిటీ సెంటర్‌లో ఒక ప్రార్థన కూడిక మొదలుపెట్టాను. పాతికమంది వస్తారు. చీరాల వాళ్లు, ఖమ్మం వాళ్లు, నంద్యాల వాళ్లు. ఇంగ్లీషు తెలియని ఆ తాతలకూ అమ్మమ్మలకూ వారమంతటికీ అదొక్కటే వాకిలి. పాటలు, వాక్యం, తర్వాత ఎవరో ఒకరు లేచి తమ జీవితంలో జరిగింది సాక్ష్యంగా చెప్పడం. చివర్లో టీ. టీ ఇచ్చే పని హెప్సీది.

ఒంటరిగా ఉంటున్నారని ఆర్థర్ గారిని టీకి పిలిచాను. వెనక వరుసలో కూర్చుని అర్థంకాని పాటలకు తల ఊపేవారు. ఒకరోజు సారమ్మ గారు లేచి, పెళ్లయిన కొత్తలో తోటికోడలి మీద వేసిన నింద గురించి చెప్పి ఏడ్చారు. ఆమెది చీరాల, మా కూడికలో అందరికంటే పెద్దావిడ. ఆవిడ ఏం చెప్పిందని ఆర్థర్ గారు అడిగితే చెప్పాను. టీ కప్పు తిప్పుతూ మళ్లీ అడిగారు.

"తప్పులు కూడా ఇలా నిలబడి చెప్పేస్తారా?"

"తప్పులే ముందు చెప్తారు" అన్నాను.

"అయితే నాకూ ఒక శనివారం ఇవ్వు శామ్. ఒక గోల్ గురించి చెప్పాలి."

నాకు వినిపించింది గోల్ అనే మాట ఒక్కటే. మరుసటి వారమే కూడికలో ప్రకటించాను. ఇంగ్లండ్‌లో ఆడిన గొప్ప క్రీడాకారుడు మన మధ్య సాక్ష్యం చెప్పబోతున్నారని, పిల్లలకు చెప్పి మరీ రమ్మని. అట్టడుగు మెట్టు సంగతి, ఫ్యాక్టరీ సంగతి నేను ఎత్తలేదు. ఆ శనివారం ఒకాయన సూటు వేసుకొచ్చాడు. ఎవరో మైసూర్‌పాక్ చేసుకొచ్చారు. ఇంగ్లీషు వచ్చిన పిల్లలు మాత్రం ఎప్పటిలాగే పెద్దవాళ్లను దింపి వెళ్లిపోయారు.

ఆర్థర్ గారు చేతిలో కాగితం లేకుండా నిలబడ్డారు. నేను పక్కన. సీజన్‌లో ఆఖరి మ్యాచ్ అన్నారు. ఓడిన జట్టు లీగ్ నుంచే పడిపోతుంది, ఆటగాళ్లకు ఉద్యోగాలు పోతాయి అన్నారు. ఇక్కడిదాకా నేను ఆయన మాటకు కాస్త రంగు పూసి చెప్పుకొచ్చాను. ఆట ముగియడానికి పది నిమిషాలుండగా బంతి వచ్చి తన చేతికి తగిలి కాళ్ల దగ్గర పడిందని, తాను దాన్ని గోల్‌లోకి తన్నానని అన్నారు. చేత్తో ముడితే ఆ గోల్ చెల్లదని నేను పెద్దవాళ్లకు విడమరిచాను. అందరూ ముందుకు వంగారు.

"రిఫరీ నా దగ్గరికొచ్చి సూటిగా అడిగాడు, చేతికి తగిలిందా అని. నేను లేదన్నాను."

ఆయన ఆగారు. నా వంతు వచ్చింది. పాతిక ముఖాలు నన్నే చూస్తున్నాయి. ఒక అబద్ధికుణ్ణి తీసుకొచ్చి మన ముందు నిలబెట్టాడేమిటి అనుకుంటారని నాకు భయం వేసింది. అసలు భయం ఆయన పరువు గురించి కాదు, నా పరువు గురించి. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. ఆ క్షణంలో మా నాన్న గొంతు నాలో లేచింది.

"రిఫరీ వచ్చి అడిగాడు, చేతికి తగిలిందా అని. అవునండీ, తగిలింది అన్నారు ఆర్థర్ గారు. ప్రాణం పోయినా అబద్ధం ఆడనన్నారు" అన్నాను.

సరిగ్గా మూడు మాటలు. హాలంతా స్తోత్రం అంది. ఆర్థర్ గారు ఆశ్చర్యంగా నావైపు చూసి మళ్లీ మొదలుపెట్టారు. ఆ గోల్‌తో తాము మిగిలామని, అవతలి జట్టు పడిపోయిందని, వాళ్ల గోల్‌కీపర్ తనతో కలిసి ఆట నేర్చుకున్న స్నేహితుడని, గజం దూరం నుంచి చూసి కూడా ఏమీ అనకుండా వెళ్లిపోయాడని చెప్పారు. తన ఫొటో ఆ ఊరి క్లబ్బు గోడకు తగిలించారని, దాని కింద నిలబడలేకే దేశం వదిలానని చెప్పారు. ఆ స్నేహితుడు ఇప్పుడు లేడని, క్షమించమని అడగడానికి ఇంకెవరూ మిగల్లేదని, అందుకే ఇక్కడ అడుగుతున్నానని అన్నారు. ఒకసారి దారి తప్పాక నాకు వెనక్కి తిరిగే వీలు లేకపోయింది. గోల్ రద్దయిందన్నాను. జట్టు ఓడిందన్నాను. నిజం చెప్పినందుకు సొంత ఊరు వదలాల్సి వచ్చిందన్నాను. చప్పట్లు ఆగలేదు. సారమ్మ గారు కర్ర ఊతంతో లేచి వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకున్నారు. ఆర్థర్ గారు పిల్లాడిలా ఏడ్చారు.

కారులో హెప్సీ నావైపు తిరిగింది. ఎప్పుడూ ఇంగ్లీషులోనే జవాబిచ్చే పిల్ల, ఆ రోజు మాటలు కూడబలుక్కుని తెలుగులో అడిగింది.

"డాడీ, కోచ్ అలా చెప్పలేదు కదా?"

పెద్దవాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలమ్మా అన్నాను. అది కిటికీ వైపు తిరిగింది. నాకు జ్ఞాపకం వచ్చింది, హాల్లో టీ పళ్లెం పట్టుకుని అది నా వెనకాలే నిలబడి ఉంది. నేను ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

మర్నాడు ఆర్థర్ గారు మా తలుపు కొట్టారు. అన్నేళ్ల తర్వాత ఆ రాత్రి హాయిగా నిద్రపోయానన్నారు. "మీవాళ్లు అంతా విన్నారు. విని కూడా చప్పట్లు కొట్టారు. అలాంటి మనుషులుంటారని నేననుకోలేదు" అన్నారు. నేను ఆయన్ని లోపలికి పిలిచి కాఫీ ఇచ్చాను. అంతకుమించి ఏమీ చెప్పలేదు. ఆ తర్వాత ఆయన ఒక్క శనివారం కూడా మానలేదు. నిజాయితీపరుడు అంటూ పెద్దవాళ్లు ఆయనకు దండం పెట్టేవారు. తన పాపాన్ని తెలిసీ ప్రేమిస్తున్నారనుకుని ఆయన తిరిగి దండం పెట్టేవారు. ఇద్దరి మధ్యా నేను నిలబడి చూసేవాణ్ణి. మోకాళ్లమీద ప్రార్థన చేయబోతే నాకు అబద్ధసాక్ష్యం పలకకూడదన్న తొమ్మిదవ ఆజ్ఞ తప్ప ఇంకేదీ గుర్తొచ్చేది కాదు.

పదకొండు వారాల తర్వాత, పిల్లలు ప్రాక్టీసు చేస్తుండగా గ్రౌండు పక్క బెంచీ మీద ఆయనకు మొత్తం చెప్పాను. ఆయన మైదానం మీదనుంచి చూపు తిప్పలేదు.

"అయితే వాళ్లకింకా తెలియదన్నమాట" అన్నారు చివరికి.

"తెలియదు."

"ఎన్నాళ్లు దాచావు?"

"పదకొండు వారాలు."

"నాకు నలభై ఏళ్లు పట్టింది. నువ్వే నయం." ఆ మాటలో కోపం లేదు. ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. లేచి కోన్‌లు ఏరుకోవడం మొదలుపెట్టారు. నేను చెయ్యి చాపితే ఇవ్వలేదు. "వచ్చే శనివారం మళ్లీ చెప్తాను. ఈసారి నువ్వు ఏమీ కలపకు" అన్నారు.

ఆ శనివారం ఆయన రాలేదు. గురువారం ఇంట్లో కుప్పకూలితే పక్కింటివాళ్లు ఆస్పత్రికి తీసుకెళ్లారు. మాట పడిపోయింది. మంచం పక్కన కూర్చుని, నేను చెప్తానని మాటిచ్చాను. ఆయనకు వినబడిందో లేదో నాకు తెలియదు. తొమ్మిదో రోజున ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. తాను క్షమాపణ పొందలేదని తెలిసి వెళ్లిపోయారు. ఆ ఎరుకను ఆయనకిచ్చింది నేనే, అంతకుముందు ఆ అబద్ధపు నెమ్మదిని ఇచ్చిందీ నేనే.

ఆయన జ్ఞాపకార్థ కూడికలో నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. నేను లేచి, ఆయన ఆ రోజు అన్నది అన్నట్టుగా చెప్పాను. లేదన్నాను అన్నచోట లేదన్నాను అనే చెప్పాను. తర్వాత నేనేం చేశానో చెప్పాను. ఎవరూ స్తోత్రం అనలేదు. సారమ్మ గారు కూర్చున్నచోటినుంచే అడిగారు.

"ఆయన్ని క్షమించే భాగ్యం మాది శామ్యూలు బాబూ. దాన్ని మా చేతుల్లోంచి ఎందుకు లాగేసుకున్నావు?"

దేవుడు నన్ను క్షమించాడని నమ్ముతున్నాను, అది నా విశ్వాసం. కానీ ఆవిడ ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

ఏడాదిపాటు నేను తర్జుమా చేయలేదు. మళ్లీ చేయమని అడిగింది సారమ్మ గారే. ఇప్పుడు ఎవరైనా ఇంగ్లీషులో మాట్లాడుతుంటే, వాళ్ల వాక్యం పూర్తికాకముందే భుజం మీదుగా ఒకసారి వెనక్కి చూస్తాను. టీ బల్ల దగ్గర హెప్సీ నిలబడి ఉంటుంది. పళ్లెం పక్కన చెయ్యి ఆనించి ఒక్కోసారి రెండు వేళ్లు చూపిస్తుంది, ఒక్కోసారి నాలుగు. నేను లెక్కపెట్టుకుంటాను. ఆ తర్వాతే నోరు తెరుస్తాను.